బావిలో ఉన్నావిడ

మే నెల, మధ్యాహ్నం రెండున్నర. మాది బన్సీలాల్‌పేట్‌లో మూడో అంతస్తు. పైన డాబా, ఆ పైన సూర్యుడు, మధ్యలో ఇంకేం లేదు. ట్యాంకులోంచి వచ్చే నీళ్ళతో నేరుగా టీ పెట్టుకోవచ్చు. కుక్కర్ దించి, కొంగుతో మెడ తుడుచుకుంటూ హాల్లోకి వచ్చానో లేదో అడిలైడ్ నుంచి మా ఆడపడుచు కూతురి వీడియో కాల్.

"అత్తా, నేనెక్కడున్నానో చెప్పు చూద్దాం!"

దాని వెనక గోడ ఎర్రగా, గుహలా ఉంది. మంచం ఉంది, దుప్పటి ఉంది, గోడకి దీపం ఉంది. కిటికీ మాత్రం లేదు. ఈ పిల్ల ఏ జైల్లో పడిందిరా దేవుడా అనుకున్నాను.

కూబర్ పీడీ అట. అడిలైడ్‌కి ఉత్తరాన దాదాపు 850 కిలోమీటర్లు, ఎడారి మధ్యలో ఉన్న ఊరు. 1915లో అక్కడ ఓపల్ రాళ్ళు దొరికాయి. ఆ రాళ్ళ కోసం తవ్వుకుంటూ వెళ్ళినవాళ్ళకి ఒక సంగతి తెలిసొచ్చింది: పైన కొలిమిలా ఉన్నా లోపల హాయిగా ఉంది. ఇక ఇళ్ళు కూడా లోపలే తొలుచుకున్నారు. పడగ్గదులు, హోటళ్ళు, చర్చి, అన్నీ భూమి కిందే. వాళ్ళకి జనవరి నడి ఎండాకాలం, బయట 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. లోపల మాత్రం ఏసీ లేకుండానే 23, 25 దగ్గర ఉంటుందట. ఇప్పుడు మే కాబట్టి అక్కడ బయట కూడా చల్లగానే ఉంది. స్వెట్టర్ వేసుకుని మరీ నాకు చూపిస్తోంది మహాతల్లి.

మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో ఏడు. ప్రపంచంలో వింత ప్రదేశాలు, వేడి ప్రదేశాలు, దెయ్యాల కోటలు అంటూ రాత్రిళ్ళు ఫోన్లో వీడియోలు చూస్తుంటాడు. వాడు అందుకున్నాడు. అమెరికాలో డెత్ వ్యాలీ, అక్కడి ఫర్నెస్ క్రీక్ అనే చోట 1913 జూలై 10న 56.7 డిగ్రీలు, ప్రపంచ రికార్డు. అంతకు ముందు లిబియాలో 58 అని చెప్పుకునేవారు, ఆ కొలత తప్పని 2012లో కొట్టేశారు. ఇథియోపియాలో డల్లోల్ అని ఉందట, 1960ల్లో కొలిస్తే ఏడాది పొడుగునా సగటే 34 దాటింది. రాత్రీ పగలూ, వానాకాలం చలికాలం అన్నీ కలిపిన సగటు! ఆ చుట్టుపక్కల ఉప్పు పలకలు కోసి ఒంటెల మీద మోసుకెళ్ళి అమ్ముకుని బతుకుతారు అక్కడి జనం. డెత్ వ్యాలీకి మాత్రం టూరిస్టులు వస్తారు. ఎంత వేడిగా ఉంటే అంతమంది. అక్కడి థర్మామీటర్ పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్తారు.

"మా రెంటచింతల వైపు ఎవరొచ్చి ఫొటో దిగుతారు లే" అన్నాను. వాడు నవ్వాడు గానీ, నేను నవ్వులాటకి అనలేదు.

మా పుట్టిల్లు పల్నాడు. రెంటచింతల పేరు మీరు ఎండాకాలంలో పేపర్లో చదివే ఉంటారు, 46 అనో 47 అనో. నాపరాళ్ళ నేల మాది. పొద్దున కాగిన రాయి అర్ధరాత్రి దాటినా చల్లారదు. వాకిట్లో నీళ్ళు చల్లితే సుయ్‌మని ఆవిరి లేచేది. నులకమంచం మీద తడిగుడ్డ పరుచుకుని పడుకునేవాళ్ళం, పావుగంటకి గుడ్డ ఆరిపోయేది. బీఏలో శ్రీనాథుడి చాటువులు చెబుతూ మా మేష్టారు, ఆయన పల్నాడు వచ్చి మంచినీళ్ళు దొరక్క శివుణ్ణి ఎగతాళి చేసిన పద్యం చదివారు. ఇద్దరు భార్యలెందుకయ్యా నీకు, పార్వతి చాలదా, గంగని వదిలిపెట్టు అన్నాడట. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయనకి గొంతు ఎండింది నిజమే. కానీ నీళ్ళు తేవడానికి బావిలోకి దిగింది ఆయనైతే కాదు కదా అని అప్పుడు తట్టలేదు. తట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఎండకి మనుషులు పోతారు. 2015 మేలో మన రెండు రాష్ట్రాల్లో కలిపి 2,000 మందికి పైగా పోయారు. ఎక్కువమంది ముసలివాళ్ళు, కూలికి వెళ్ళినవాళ్ళు. ఆ ఏడు మా ఊళ్ళో ఒక పత్తి చేలో పనిచేసే ఆవిడ ఇంటికొచ్చి, నీళ్ళు తాగి, అరుగు మీద ఒరిగి మళ్ళీ లేవలేదు. "వడదెబ్బ" అన్నారు. అంతే, ఆ మాటతో అయిపోయింది.

సరే, మా పేటకి వస్తాను.

నేను పెళ్ళై ఇక్కడికి వచ్చింది 2000లో. గాంధీ ఆస్పత్రి దగ్గర, బోయిగూడ టింబర్ డిపోల దగ్గర అని చెబితే అడ్రసు దొరికే ఇరుకు పేట. మా ఇంటికి కాస్త దూరంలో ఒక పెద్ద చెత్తదిబ్బ ఉండేది. అది దిబ్బ కాదు, బావి అని నాకు రెండేళ్ళ దాకా తెలీదు. మా అత్తగారు పిల్లల్ని అటు పోనిచ్చేవారు కాదు. "అక్కడ ఆవిడ ఉంది, పట్టుకుంటది" అనేవారు. ఆ ఆవిడ ఎవరో, ఎప్పుడు చచ్చిపోయిందో, ఎవరి ఇంటిదో ఎవరికీ తెలీదు. అసలు అందులో ఎవరో పడి చనిపోయారన్న కథ కూడా నేను వినలేదు. అయినా ఆవిడ మాత్రం ఉంది. మా వాడికి మూడేళ్ళప్పుడు అన్నం తినకపోతే నేనూ అదే మాట వాడుకున్నాను. వాడు గబగబా తినేశాడు కూడా.

ఒక చేత్తో దెయ్యమని భయపెడుతూనే ఇంకో చేత్తో అందులో చెత్త వేసేవాళ్ళం, అది కూడా చెప్పాలి. విరిగిన కుర్చీ, చిరిగిన పరుపు, ఇల్లు రిపేరు చేయించినప్పుడు రాలిన పెళ్ళలు, పూజలో వాడిపోయిన పూలు. 2014లో అత్తగారు పోయాక ఆవిడ పరుపు చుట్టి పనబ్బాయితో పంపింది నేనే. ఎక్కడ వేశావురా అని అడగలేదు. అడగక్కర్లేదు.

2021లో ఆ బావిని తవ్వడం మొదలుపెట్టారు. జీహెచ్‌ఎంసీ వాళ్ళు, ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ కల్పనా రమేశ్ గారు కలిసి పూనుకున్నారు. లారీల మీద లారీలు చెత్త బయటికి వెళ్ళింది. మేం డాబా మీద నిలబడి చూసేవాళ్ళం. నిజం చెప్పొద్దూ, నాకు లోపల ఒకటే గుబులు, అందులోంచి మా అత్తగారి పూల పరుపు లేస్తుందేమోనని. అన్నీ నల్లటి బురదలో ఒకటే ముద్దగా ఉన్నాయి, ఎవరిది ఏదో చెప్పలేం. అడుగుకి వెళ్ళేకొద్దీ రాతి మెట్లు, కమానులు, స్తంభాలు బయటపడ్డాయి. ఆ పైన ఊట. ఇన్నేళ్ళు అంత చెత్త కింద నలిగినా ఆ ఊట చావలేదు.

పదిహేడో శతాబ్దం నాటి బావి అంటారు. అప్పట్లో ఈ చోటుని నాగన్నకుంట అనేవారట. 1933లో ఇంగ్లీషు రెసిడెంట్ కీస్ హయాంలో దీన్ని బాగుచేసి, చుట్టూ ఒక ఆదర్శ పేట కట్టారు. దానికి డబ్బిచ్చిన సేఠ్ బన్సీలాల్ పేరే పేటకి పెట్టారు. ఆరంతస్తుల లోతు, నిండితే 22 లక్షల లీటర్ల నీళ్ళు. 2022 మార్చిలో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో దీని గురించి చెప్పారు, డిసెంబర్ 5న కేటీఆర్ వచ్చి ప్రారంభించారు. ఆ సాయంత్రం దీపాలు పెడితే పెళ్ళిపందిరిలా ఉంది. ఇరవై రెండేళ్ళు పక్కన కాపురం చేసి, ఒక్కసారి కూడా లోపలికి తొంగిచూడని నేను ఆ రోజు అందరితో పాటు సెల్ఫీ దిగాను.

అదేంటోగానీ, మన దేశంలో మెట్లబావి ఉందంటే దానికో దెయ్యం తప్పదు. ఢిల్లీలో కన్నాట్ ప్లేస్ దగ్గర అగ్రసేన్ బావోలీ, రాత్రిళ్ళు వెళితే నల్లటి నీళ్ళు రమ్మని పిలుస్తాయని కథ. రాజస్థాన్ ఆభానేరిలో చాంద్ బావోరీ, 13 అంతస్తులు, సుమారు 3,500 మెట్లు; అది దెయ్యాలు ఒక్క రాత్రిలో కట్టాయంటారు. రాళ్ళు కొట్టిన కూలీల పని అలా దెయ్యాల ఖాతాలోకి పోయింది. ఆ పక్కనున్న భాన్‌గఢ్ కోట మా వాడి వీడియోల్లో రారాజు. సూర్యాస్తమయం తర్వాత ఎవరూ లోపలికి వెళ్ళకూడదని పురావస్తు శాఖ బోర్డే పెట్టింది, అంతకంటే ఏం కావాలి అంటాడు. చీకట్లో ఆ రాళ్ళ మధ్య కాలు విరిగితే ఎవరు మోస్తార్రా అంటే వినడు.

దెయ్యం లేని బావి ఒకటి మనందరి పర్సుల్లో ఉంది. ఊదారంగు వంద నోటు వెనక్కి తిప్పి చూడండి. అది గుజరాత్ పాటన్‌లోని రాణీ కీ వావ్. పదకొండో శతాబ్దంలో ఉదయమతి అనే రాణి భర్త జ్ఞాపకార్థం కట్టించింది. సరస్వతీ నది వరదలకి ఒండ్రుమట్టిలో పూడిపోయి, వందల ఏళ్ళ తర్వాత తవ్వితే బయటపడింది. 2014లో యునెస్కో గుర్తింపు వచ్చింది, 2018లో నోటు మీదికి ఎక్కింది. పోపుల డబ్బాలో నేను దాచుకునే నోట్ల మీద ఉన్నది ఒక ఆడమనిషి కట్టించిన బావి అని తెలిశాక, ఆ రోజంతా నాకు ఎందుకో హుషారుగా ఉంది.

ఈ వేసవిలో అమ్మ వచ్చింది, శుక్లాల ఆపరేషన్‌కి. పది రోజులయ్యాక కంటికి నల్లద్దాలు పెట్టుకుని "ఎక్కడికన్నా తీసుకుపోవే, కొత్త కన్నుతో ఏమన్నా చూస్తా" అంది. మోకాళ్ళు నొప్పులు, ఎక్కువ దూరం నడవలేదు. బావికి తీసుకెళ్ళాను.

బయట ఎండ చురుక్కుమంటోంది. నాలుగు మెట్లు దిగామో లేదో చల్లటి గాలి ముఖానికి తగిలింది. కూబర్ పీడీ దాకా ఎందుకు, పాతాళం మన పేటలోనే ఉంది అనుకున్నాను. అమ్మ మాత్రం ఆగిపోయింది. గోడ పట్టుకుని కింద పచ్చటి నీళ్ళ వంక చూస్తూ నిలబడింది.

"ఇన్ని నీళ్ళే" అంది.

మెట్టు మీద కూర్చోబెట్టాను. నేను ఊరికే కబుర్లు చెబుతూ, మా అత్తగారు భయపెట్టిన "ఆవిడ" సంగతి, అబ్బాయి చేత అన్నం తినిపించిన సంగతి నవ్వుతూ చెప్పాను. అమ్మ నవ్వలేదు.

"మన ఊళ్ళోనూ చెప్పేవాళ్ళుగా. మీ చిన్న నాయనమ్మని దిగుడుబావిలో దెయ్యం లాగిందని."

చెప్పేవాళ్ళు. చిన్నప్పుడు విన్నదే. మా నాయనమ్మకి తోడికోడలు ఒకావిడ ఉండేదని, నడిజాములో బావి దగ్గరకి పోతే దెయ్యం లాగేసిందని. ఇంట్లో ఆవిడ ఫొటో లేదు. ఎవరూ పేరు పెట్టి మాట్లాడేవాళ్ళు కాదు.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. నీళ్ళకి పోయింది" అంది అమ్మ.

అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. 1967లో సాగర్ కాలవలకి నీళ్ళు వదలక ముందు మాట. వైశాఖం వచ్చేసరికి ఊళ్ళో బావి అడుగంటేది. అడుగున బండ నెర్రెలోంచి ఊట సన్నగా వచ్చేది. కిందికి దిగి, కూర్చుని, ముంతతో తోడి బిందెలో పోసుకోవాలి. ఒక బిందె నిండాలంటే చాలాసేపు. అందుకని ఇళ్ళవారీగా వంతులు, రాత్రీ పగలూ. ఆ రాత్రి మా ఇంటి వంతు మూడో జాములో పడింది. ఇద్దరు కోడళ్ళూ కలిసి పోవాలి, ఒకరు కింద తోడితే ఒకరు పైన లాంతరు పట్టుకోవాలి. అత్తగారు లేపింది. మా నాన్న అప్పుడు చంటిపిల్లాడు, ఒళ్ళు కాలిపోతోంది. నాయనమ్మ లేవలేకపోయింది. "నువ్వు పో, బిడ్డ పడుకోగానే వస్తా" అంది. చిన్నావిడ ఒక్కతే వెళ్ళింది. ఒక చేతిలో బిందె, ఒక చేతిలో లాంతరు, పాకుడు పట్టిన మెట్లు. నాయనమ్మకి కునుకు పట్టింది.

తెల్లారి లేచిన మాట "దెయ్యం". ఒంటరిగా ఎందుకు పంపారు అని పుట్టింటివాళ్ళు అడిగితే చెప్పడానికి ఇంకేం మాట లేదు. ఆవిడకి పద్దెనిమిదేళ్ళట.

"నీకెవరు చెప్పారు?"

"మీ నాయనమ్మే. పోయేముందు, మంచంలో ఉన్నప్పుడు. నాకొక్కదానికే చెప్పింది. మీ నాన్నకి చెప్పొద్దంది, తన జొరం వల్లని అనుకుంటాడని."

నాకు వెంటనే ఒక సంగతి గుర్తొచ్చింది. మీలో నా వయసువాళ్ళకి తెలుసు, ఊరూరా తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులు. రాత్రిపూట ఆడదెయ్యం వచ్చి తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందని, ఆ రాత చదివి వెళ్ళిపోతుందని, మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదువుతుందని. మా వీధిలో సగం మంది ఆడవాళ్ళకి చదువు రాదు, దెయ్యానికి మాత్రం వచ్చు. వీధి మొత్తానికి సుద్దముక్కతో రాసిపెట్టింది నేనే, నా చేతిరాత బాగుంటుందని. మా తలుపు మీద రాయబోతే మాత్రం నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. "మనకొద్దు. వస్తే రానీయవే" అంది. రాత్రంతా భయంతో ఏడ్చాను. మొండి ముసల్ది అని తిట్టుకున్నాను కూడా. ఇంకోటి, వేసవి రాత్రుల్లో పడుకోబోయే ముందు అరుగు మీద చెంబుతో నీళ్ళు పెట్టి మూత పెట్టేది. దారినపోయేవాళ్ళకి అనుకునేవాళ్ళం. అర్ధరాత్రి మా వీధిలో పోయేవాళ్ళెవరు?

ఆ మెట్ల మీద మేం చాలాసేపు కూర్చున్నాం. కాలేజీ పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. ఒక అమ్మాయి కింద చివరి మెట్టు మీద నిలబడి కాస్త ఒరిగింది. అమ్మ ఉన్నట్టుండి "ఏయ్ పిల్లా! జాగర్త! పాకుడుంటది!" అని గట్టిగా అరిచింది. బావి అంతా మారుమోగింది. ఆ పిల్ల బెదిరి పైకొచ్చేసింది.

ఇంటికి వచ్చేటప్పుడు ఆవిడ పేరేమిటని అడిగాను. అమ్మ చెప్పింది. ఇక్కడ రాయను, మా ఇంటి పేరు అది. ఊళ్ళో ఉన్న మా తమ్ముడికి ఆ రాత్రే ఫోన్ చేశాను. ఆ దిగుడుబావి ఇప్పుడు ఎలా ఉందిరా అంటే, "ఎప్పుడో పూడ్చేశారుగా, పైన పశువుల పాక వేశారు" అన్నాడు. నాన్నకి చెప్పాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. అమ్మ వద్దంటుంది. డెబ్బై దాటిన మనిషికి ఇప్పుడెందుకు అంటుంది. నాకు మాత్రం ఒక పద్దెనిమిదేళ్ళ పిల్లని దెయ్యంగానే ఉంచేయడం మనసొప్పడం లేదు. మీరైతే ఏం చేసేవాళ్ళో చెప్పండి.

రాత్రి పదకొండింటికి మా వాడు గాలి కోసం డాబా మీద పడుకుందామని చాప పట్టుకెళ్ళి, మళ్ళీ కిందికొచ్చి అడిగాడు.

"పిట్టగోడ దగ్గర చెంబు ఎవరు పెట్టారు? పక్షులకా అమ్మమ్మా?"

"ఆ, పక్షులకే. తన్నేవు, చూసుకుని పడుకో" అంది అమ్మ.